మంచి మొగుడి మీద నవల రాసే బిడ్డకు

బిడ్డా,

నువ్వు పంపిన రెండు అధ్యాయాలు చదివిన. పాలమూరు నుంచి వలసబోయిన నీ నాయకుడు తాగడు, కొట్టడు, పెండ్లాన్ని మాటనడు. మంచిదే గని ముప్పై పేజీలకే గుళ్లె విగ్రహం లెక్కయిండు. ఆయనకో తప్పు ఇయ్యి. అది ప్రేమలకెళ్లే పుట్టాలె. పెండ్లాం బాధపడుతదని అప్పు సంగతి దాస్తడనుకో. మూడో అధ్యాయంల దాసింది పదకొండోదాంట్ల గుంపు మేస్త్రీ, అంటే కూలోళ్లకు అడ్వాన్సిచ్చి పనికి తీస్కపోయెటోని నోట ఆమె చెవిన పడాలె. నవల కుంటువడేది నడుమనే, అక్కడికి ఆసరైతది.

రాసే ముందు ఆయన లెక్కల కాయితం తయారుచెయ్యి. మేస్త్రీ అడ్వాన్సు ఎంత, అందుల పాత అప్పుకు పోయిందెంత, నాగా పడితే కోతెంత. ప్రతి అధ్యాయం అయినంక మిగిలిన బాకీ దాని మీద వేసుకో. బాకీ తీరందే ఆయన ఇల్లు చేరలేడు, కథను లాగేది ఆ అంకెనే. ఆ కాయితం నవలల మాత్రం పెట్టకు.

మొగుడు పెండ్లాలిద్దరు కలిసి పోవుడే ఎక్కువ. ఆమెను ఊర్లె ఉంచినవంటే కారణం చెప్పాలె, మంచంబట్టిన అత్తనో, పచ్చి బాలింతనో.

1994 కథ గాబట్టి పైసలు మనియార్డర్‌లనే వస్తయి. ఇరవైకి రూపాయి కమీషన్, వెయ్యి పంపితే యాభై తపాలాకే. ఫారం కింద నాలుగు మాటలు రాసే జాగ ఉంటది. సదువురానోడు పక్కోనితోని రాయిస్తడు, ఊర్లె పోస్టుమాన్ పదిమందిల సదువుతడు. ఇంత మంది నడుమ ప్రేమ ఎట్ల చెప్తడు? "బర్రె ఈనితే జున్ను నువ్వు గూడ తిను." గంతే. అంతా పిల్లలకే పెడ్తదని ఆయనకెరుక.

బిడ్డ తండ్రిని గుర్తువట్టకపోవుడు అందరూ రాసిందే, తీసెయ్యి. పొయ్యేటప్పుడు ఈనెపుల్లతోని పిల్లగాని పాదం కొలత తీసుకపోతడు. ఎనిమిది నెలలకు తెచ్చిన చెప్పుల మడిమె పట్టదు. ఎవరేమన్నరో రాయకు, చెప్పులను చూరుల చెక్కించు.

తారీఖులు జూసుకో. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాలైంది 2016ల, నారాయణపేట 2019ల. ఉపాధి హామీ పని 2006కు ముందు లేదు. మన పాలమూరు దిక్కు కురుమూర్తి జాతర దీపావళి దాటినంకనే, దసరాకు జరిపియ్యకు.

నలభై ఐదు వేల మాటలు, ఇరవై అధ్యాయాలు చాలు. మూడోది అయినంక లెక్కల కాయితం గూడ జతచేసి పంపు.

నీ పెద్దనాయిన