బ్రౌజర్ వెళ్తోంది, ఎస్‌ఎస్‌హెచ్ వెళ్లట్లేదంటే ముందు పోర్టు చూడండి

ప్రాక్సీలో (మన ట్రాఫిక్‌ని మధ్యలో ఉండి బయటికి పంపే సర్వర్) బ్రౌజర్ బాగానే ఉంది, ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) వాడే 22 పోర్టుకి మాత్రం వెళ్లట్లేదు, సాక్స్ అనే ఇంకో రకం ప్రాక్సీకి మారితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. నేను చూసినంతవరకు దాదాపు ప్రతిసారీ అడ్డం పడేది ఏ పోర్టులకి పంపొచ్చో చెప్పే, ప్రాక్సీలో ఉన్న లిస్టే.

పాత ఆఫీసులో ఒక రాత్రి బయటి సర్వర్‌లో అర్జంటుగా ఒక మార్పు చేయాల్సి వచ్చింది. ఎస్‌ఎస్‌హెచ్ దానంతట అది హెచ్‌టీటీపీ ప్రాక్సీ సెట్టింగ్ చదవదు కాబట్టి ప్రాక్సీ గుండా వెళ్లమని దానికి చెప్పే ప్రాక్సీకమాండ్ లైను రాసి పెట్టాను, అయినా కనెక్షన్ వెంటనే తెగిపోయేది. లాగిన్‌కి వాడే కీ తప్పని టీమ్‌లో అందరూ ఒకటే పట్టు, రెండుసార్లు కొత్త కీ చేశాం, గంటన్నర పోయింది. అసలు కనెక్షన్ కుదిరితేనే కదా కీ దాకా వెళ్లేది! చివరికి ఎర్రర్ మొదటి లైను చదివితే అందులో 403 ఉంది. 407 అయితే ప్రాక్సీ పాస్‌వర్డ్ అడుగుతున్నట్టు, 403 అంటే అక్కడికి పంపనని తేల్చి చెప్పినట్టు. అక్కడ ఉన్నది స్క్విడ్ అనే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్. దాని డిఫాల్ట్ కాన్ఫిగ్‌లో కనెక్ట్ రిక్వెస్ట్ (ఫలానా సర్వర్‌కి, పోర్టుకి దారి ఇవ్వమని ప్రాక్సీని అడగడం) హెచ్‌టీటీపీఎస్ సైట్లు వాడే 443కి తప్ప వేరే పోర్టుకి వెళ్లదు, మా వాళ్లు దాన్ని ముట్టుకోలేదు. పొద్దున అడ్మిన్ ఆ ఒక్క సర్వర్‌కి 22 తెరిచాడు, పాత కీతోనే లాగిన్ అయింది.

403 వస్తే కనీసం కారణం తెలుస్తుంది. కొన్ని ఫైర్‌వాల్‌లు ఏ జవాబూ ఇవ్వకుండా ప్యాకెట్ పడేస్తాయి, టైమౌట్ అయ్యేదాకా మనం స్క్రీన్ చూస్తూ కూర్చోవాలి. కాదంటే కాదని చెప్పడానికి ఏం అడ్డమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సైట్ నిజమైనదేనా అని చూసే సర్టిఫికెట్ చెకింగ్ ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లు ఇంకో రకం, దానికీ పోర్టుకీ ఏ సంబంధమూ లేదు, పైగా ప్రమాదం.

సాక్స్ కొత్త వెర్షన్ సాక్స్5 లోపల ఏ ప్రోటోకాల్ ఉందో పట్టించుకోకుండా టీసీపీని (వెబ్, ఎస్‌ఎస్‌హెచ్ రెండూ నడిచే కనెక్షన్) అలాగే పంపుతుంది, పాత సాక్స్4కి లేని యూడీపీ (కనెక్షన్ పెట్టుకోకుండా డేటా పంపే పద్ధతి) కూడా దానికి ఉంది. కానీ సాక్స్‌కి మామూలుగా వాడే 1080 మీరు ప్రాక్సీ దగ్గరికి వెళ్లే పోర్టు మాత్రమే, అక్కడి నుంచి ఎక్కడికి పంపాలో దాని రూల్స్ నిర్ణయిస్తాయి. కర్ల్‌లో (కమాండ్ లైన్ నుంచి సైట్లని అడిగే టూల్) వాడితే ప్రాక్సీ అడ్రస్‌లో సాక్స్5 తర్వాత హెచ్ చేర్చండి (socks5h), లేకపోతే సైట్ పేరుకి ఐపీ అడ్రస్‌ని మీ మెషీనే వెతుక్కుంటుంది, బయటి పేర్లు తెలియని లోపలి నెట్‌వర్క్‌లో అక్కడే ఆగిపోతుంది.

మీ పని కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్‌తో అయితే ఎస్‌ఎస్‌హెచ్‌ని 443 మీద కూడా వాళ్లు ఇస్తారు, హోస్ట్ పేరు ఎస్‌ఎస్‌హెచ్ డాట్ గిట్‌హబ్ డాట్ కామ్. ఆఫీస్ నెట్‌వర్క్ అయితే ముందు అడ్మిన్‌ని అడగండి. మీకు వచ్చింది 403నా, 407నా, టైమౌటా? ఆ లైను కింద పెట్టండి, చూస్తాను.