కాఫీ జెల్లీ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

గడ్డకట్టిన కాఫీ జెల్లీ ముక్కల మీద చల్లటి పాలు పోసే కోల్డ్ కాఫీ గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. నీకు కాఫీ అంటే ఎంత ఇష్టమో ప్రతి పేరాలో తెలుస్తోంది, అది పోగొట్టుకోకు. కానీ మొదటి పేజీ అంతా కాఫీ పుట్టుపూర్వోత్తరాలే. కాఫీ జెల్లీ జపాన్‌లో వందేళ్లకు పైగా ఉందని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పో. నీ వ్యాసం చదివే ఆమె అప్పటికే పొయ్యి దగ్గర నిలబడి ఉంటుంది. మే నెల, తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటింది, పిల్లలు బడి సెలవుల్లో ఇంట్లోనే ఉన్నారు. ఆమెను కళ్ల ముందు పెట్టుకుని రాయి.

"జెలటిన్ వేసి కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి" అని ఒక్క మాటలో తేల్చేశావు. అసలు పనంతా అక్కడే ఉంది కదా! జెలటిన్‌ని జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీస్తారు. మన ఊళ్లో ఎన్ని శాకాహారుల ఇళ్లున్నాయో నీకు తెలుసు, ఆ సంగతి చెప్పకుండా వాళ్ల చేత వండించడం తప్పు. పైగా మన ఎండకి ఆ జెల్లీ గ్లాసులోనే కరిగిపోతుంది. సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్ వాడమని రాయి. కిరాణా కొట్లో చైనా గ్రాస్ అని అడగమను. అది వేడి 40 డిగ్రీలకు దిగేసరికి గడ్డకట్టడం మొదలుపెడుతుంది, మళ్లీ కరగాలంటే 85 డిగ్రీల దాకా వేడి కావాలి.

ఇప్పుడు ఆ ఒక్క మాటను విప్పు. ఒక కప్పు చల్లటి నీళ్లలో 2 టీస్పూన్ల అగర్ పొడి ముందే కలుపుకోవాలి, మరిగే నీళ్లలో చల్లితే ఉండలు కడుతుంది. 4 స్పూన్ల చక్కెర వేసి, కలుపుతూ 2 నిమిషాలు బాగా మరగనివ్వాలి. గరిటె పైకెత్తి వంచితే నున్నగా జారాలి, చిన్న పలుకు కూడా కనిపించకూడదు. ఈ గుర్తు తప్పకుండా రాయి, చాలామంది పొంగు రాగానే దించేస్తారు, జెల్లీ పట్టదు. దించాక ఒక కప్పు చిక్కటి డికాక్షన్ పోయాలి. డికాక్షన్‌ని పొయ్యి మీద మరిగిస్తే వాసన పోయి చేదు మిగులుతుంది. అలాగని ఫ్రిజ్‌లోంచి తీసింది పోస్తే అగర్ మధ్యలోనే తునకలు తునకలుగా గడ్డకడుతుంది. వేడిగానే ఉండాలి. అంచున్న పళ్లెంలో వేలి మందాన పోసి, ఆరాక మైసూర్ పాక్‌లా ముక్కలు కోసుకోవడమే.

చికరీ మాట నువ్వు ఎత్తనే లేదు. మన ఫిల్టర్ కాఫీ పొడి చాలా ఇళ్లలో చికరీ కలిపిందే. ఎంత కలిపారో ప్యాకెట్ మీద ఉంటుంది, అది చూసి చక్కెర సర్దుకోమని చెప్పు.

గ్లాసులో ముక్కలు, పైన కాచి చల్లార్చిన చిక్కటి పాలు, కొంచెం డికాక్షన్. దీనికి ఇంత వర్ణన అక్కర్లేదు. చల్లటి దాంట్లో తీపి నాలుకకు తక్కువ తెలుస్తుంది కాబట్టి పాలలో చక్కెర వేడి కాఫీ కన్నా కాస్త ఎక్కువ పడుతుందని మాత్రం చెప్పు.

"అద్భుతమైన రుచి", "నోరూరించే" లాంటివి కొట్టెయ్. తియ్యటి పాలు మింగుతుంటే పంటి కింద ముక్క తెగి చేదు బయటికొస్తుంది చూడు, అది రాయి. అది తాగినవాళ్లకే తెలుస్తుంది, నీకు తెలుసు.

పంపే ముందు నీ వ్యాసాన్ని పక్కింటి అక్క చేతిలో పెట్టి, అది చూసే చేయమను. నువ్వు నోరు మెదపకు. ఆమె ఎక్కడ ఆగి నీ మొహం చూస్తుందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకో. ఆ చోట్లు తిరగరాసి నాకు పంపు. ఫొటోల సంగతి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
అక్క