తాతగారి అంబాసిడర్‌కి డీజిల్ ఇంజిన్ వేయవచ్చా?

ప్రశ్న: మా తాతగారి 1968 అంబాసిడర్ మార్క్-2 పన్నెండేళ్లుగా షెడ్డులోనే ఉంది. ఇంట్లోనే బాగుచేసుకుంటూ డీజిల్ ఇంజిన్, ఏసీ పెట్టించాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు తాళం తిప్పకండి. మా నాన్నగారి బండికి నేను ఆత్రంగా సెల్ఫ్ కొట్టి పిస్టన్ రింగులు విరగ్గొట్టాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి, రెండు రోజులు ఆగండి. తర్వాత ముందు నుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో మెల్లగా తిప్పండి. పాత పెట్రోలు మొత్తం తీసేయండి.

అసలు టెన్షన్ తుప్పుతోనే. అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బలం. మ్యాట్లు ఎత్తి, నేలరేకునూ తలుపుల కింది అంచులనూ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. దిగబడితే పుట్టీ పూయవద్దు, కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే. కింద దూరేటప్పుడు జాకీని నమ్మకండి, స్టాండ్లు పెట్టండి. బ్రేకు సిలిండర్లలో రబ్బర్లన్నీ మార్చాకే బండి కదపాలి.

డీజిల్ ఇంజిన్ మాత్రం వద్దండీ. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన సొంత కార్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఇంజిన్‌నో బాడీనో గణనీయంగా మార్చిన బండికి అది రాదు. ఆ రిజిస్ట్రేషన్‌తో రోజువారీ తిరగడానికి కూడా వీల్లేదు. ఆ 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ చాలా ఓర్పున్నది, దాన్నే బతికించండి. ఏసీ సంగతి బండి నడిచాక చూద్దాం.