ముందు తూములు లెక్కపెట్టు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతో పంపిన పాత మ్యాపు రెండూ అందాయి. కొండల్లో వదిలేసిన రైలు మార్గం వెంట ఇద్దరు స్నేహితులతో నడవాలనుకుంటున్నావని చదివి సంతోషించాను. ‘పట్టాలు ఇంకా ఉన్నాయేమో చూడాలి’ అన్న మాట దగ్గర మాత్రం నవ్వొచ్చింది. పట్టాలు ఉండవమ్మా. ఉక్కుకు ధర పలుకుతుంది కాబట్టి మార్గం మూతపడ్డాక ముందు మాయమయ్యేవి అవే. తర్వాత స్లీపర్లు (పట్టాల కింద పరిచిన అడ్డదుంగలు), ఆ తర్వాత స్టేషను తలుపులు, కిటికీలు. ఎవరికీ అక్కరలేక మిగిలిపోయేవి మట్టికట్ట, రాతిగోడ, తూము. వీటిలో నువ్వు ముందు వెతకవలసింది తూమును.

పట్టాల నిర్వహణలో ముప్పయ్యేళ్లు గడిపినవాణ్ణి. రైలును లాగేది ఇంజనే కావచ్చు, కొండ మీద దాన్ని నిలవనిచ్చేది మాత్రం నీటికి మనం వదిలిన దారి. ప్రతి వాగుకూ, ప్రతి చిన్న జాలుకూ కట్ట కింద ఒక తూము కట్టాల్సిందే. కట్టపై ముళ్లపొదలు మొలిచి అది ఎక్కడుందో తెలియకుండా పోయినా తూములు వరుసగా దొరుకుతూనే ఉంటాయి. రెండు తూములు దొరికాయంటే వాటి మధ్య మార్గం ఎటు తిరిగిందో ఊహించవచ్చు. మూడోది దొరికితే ఊహ అవసరం ఉండదు.

ఇంట్లో కూర్చున్నప్పుడే సగం పని చేసుకో. మామూలు పట్టాల మీద రైలు నిటారుగా ఎక్కలేదు. నలభై అడుగులు ముందుకు పోతే ఒక అడుగు ఎత్తు పెరగడమే దానికి గట్టి ఎక్కుడు. అంతకు చాలా మించి ఎక్కించాలంటే సాధారణంగా పట్టాల మధ్య పళ్ల పట్టాలాంటి ఏర్పాటు, అంటే ఇంజను కింది పళ్ల చక్రం పట్టుకుని ఎక్కేలా రంపప్పళ్లున్న పట్టా, వేసేవారు. జపాన్‌లో ఉసుయి కనుమ మీదుగా 1893లో వేసిన మార్గం పదిహేను అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కేది, అదీ పళ్ల పట్టా సాయంతోనే. కాబట్టి మ్యాపులో కొండ వాలును సూటిగా ఎక్కేస్తున్న గీత కనిపిస్తే అది ఏ బండిబాటో అయి ఉంటుంది. ఎత్తు గీతలకు దాదాపు సమాంతరంగా, లోయల్లోకి లోపలిదాకా వెళ్లి మళ్లీ బయటికొచ్చే గీతే నీది. ఉపగ్రహ చిత్రంలో కూడా అడవి మధ్య ఒకే వెడల్పుతో మెలికలు తిరిగే చెట్ల వరుసను చూడు. దూరం విషయంలో మోసపోకు. పక్షి ఎగిరితే మూడు కిలోమీటర్లుండే చోటుకు రైలు పది కిలోమీటర్లు తిరిగి ఉండవచ్చు. మీరు నడవాల్సింది ఆ పదీ.

ఇంకో చిక్కు ఉంది. ఒక్కోసారి మార్గం కొండ అంచున చదునైన మెట్ట మీదికి వచ్చి ఠక్కున ఆగిపోతుంది. ముందు లోయ తప్ప ఏమీ ఉండదు. కట్ట కొట్టుకుపోయిందనుకుని చాలామంది అక్కడి నుంచే వెనుదిరుగుతారు. నువ్వు వెనక్కి తిరిగి చూడు. నువ్వు వచ్చిన దారికి కాస్త పైన ఇంకో దారి మొదలవుతూ ఉంటే అది రైలు వెనకడుగు వేసిన చోటు. అక్కడిదాకా వచ్చి, దిశ మార్చుకుని, పై దారి పట్టి పోయేది. బొంబాయి నుంచి పుణె వైపు 1863లో తెరిచిన భోర్ ఘాట్ మార్గంలో అలాంటి రివర్సింగ్ స్టేషను ఉండేది. తర్వాత సొరంగాలతో దారి మార్చి దాన్ని వదిలేశారు.

మార్గం ఎందుకు మూతపడిందో తెలుసుకోకుండా బయలుదేరకు. ఇది కబుర్ల కోసం చెబుతున్నది కాదు, నీ కాళ్ల క్షేమం కోసం. మంచి దారి దొరికి పాతదాన్ని మానేస్తే ఒకలా ఉంటుంది. ఉసుయిలో 1963లో కొత్త దారి వచ్చాక పాత ఇటుక వంతెనలు గట్టిగానే మిగిలాయి. ముప్పయ్యొక్క మీటర్ల ఎత్తున్న మూడో నంబరు వంతెన మీదుగా ఇప్పుడు జనం నడిచి వెళ్తున్నారు. వరద చంపిన మార్గం సంగతి వేరు. మున్నార్ కొండల్లో తేయాకు మోసిన కుండల వ్యాలీ చిన్న రైలును 1924 వరదలు ఒక్క దెబ్బతో ముగించాయి. బలూచిస్తాన్‌లో ఛప్పర్ ఇరుకులోయ గుండా 1887లో వేసిన మార్గాన్ని 1942 వరద దెబ్బతీస్తే, మరమ్మతు చేయకుండా పట్టాలు పీకేశారు. అలాంటి చోట కట్ట ఎక్కడ తెగిందో, ఏ వంతెన కాలు జారిందో ఎవరూ సరిచేసి ఉండరు. రైలు ఆగిపోవడంతో నీళ్ల పని కూడా ఆగిపోదు. న్యూజిలాండ్‌లో రిముటాకా కొండ మార్గం 1955లో మూతపడింది. అక్కడ సైబీరియా అని పిలిచే వంపులోని కట్ట అంత కాలమూ నిలిచి, పన్నెండేళ్ల తర్వాత 1967లో గాలివానకు కొట్టుకుపోయింది. చూసుకునే మనిషి లేని కట్ట అది. మా గ్యాంగువాళ్లు వానాకాలానికి ముందు చేసే పెద్ద పని ఏమిటనుకున్నావు? పట్టాలు బిగించడం కాదు, కాలువల్లో, తూముల్లో పేరుకున్న ఆకులు, మట్టి తీయడం.

ఇది నేను కాలితో నేర్చుకున్న పాఠం. ఉద్యోగం మానేసిన కొత్తలో ఒక పాత మార్గం మీద ఒంటరిగా వెళ్లాను. కట్ట పైన పచ్చగడ్డి చక్కగా, చదునుగా ఉంది. అడుగు వేశానో లేదో కుడికాలు తొడదాకా దిగిపోయింది. కింద తూము కప్పు కూలి, మట్టి కొంచెం కొంచెంగా జారిపోయి, పైన గడ్డివేళ్ల చాప మాత్రమే మిగిలింది. కాలు విరగలేదు గానీ గంటసేపు అక్కడే కూర్చుండిపోయాను. ముప్పయ్యేళ్ల అనుభవం అంతా ఆ గడ్డి ముందు దేనికీ పనికిరాలేదు. అప్పటి నుంచి తూము ఉన్నచోట కట్ట మీదుగా దాటను. ముందు పక్కకు దిగి, కింది వైపు నోరు చూస్తాను. నీళ్లు తూము లోంచి వస్తున్నాయా, దాని పక్కనుంచి వస్తున్నాయా? పక్కనుంచి వస్తుంటే కట్ట లోపల గుల్లయిపోతున్నట్టే. ఇంకా ఎగువన నీళ్లు మడుగు కట్టి ఉండి, దిగువన చుక్క కూడా లేకపోతే ఆ చోటు వదిలేసి దూరంగా చుట్టు తిరిగి వెళ్లు.

రాతిగోడలు చూసేటప్పుడు కింది వరసల్లో వదిలిన రంధ్రాలు గమనించు. వెనక మట్టిలోని నీళ్లు బయటికి రావడానికి పెట్టినవి అవి. ఆ రంధ్రం లోంచి చెయ్యిలావు వేరు బయటికొచ్చి ఉంటే నీళ్లకు దారి మూసుకుపోయిందన్నమాట. గోడ కడుపు ఉబ్బినట్టు ముందుకు వచ్చి ఉంటే దాని కింద కూర్చుని అన్నం తినవద్దు. ఇటుక కమానుల అడుగున తెల్లటి చారలు కనిపిస్తాయి. గచ్చులోని సున్నాన్ని నీళ్లు కరిగించి తెచ్చిన గుర్తులవి. చారలు ఉన్నంత మాత్రాన కమాను కూలిపోదు. చారలతో పాటు ఇటుకలు కూడా రాలి కింద పడి ఉంటే మాత్రం పైకి ఎక్కవద్దు.

చెక్క దుంగలు పరిచిన ఇనుప వంతెనల గురించి ఒక్క మాట: ఎక్కకు. దుంగ పైకి గట్టిగా కనిపిస్తూ లోపల పొట్టయిపోతుంది. వాగులోకి దిగి కింద నుంచి చూస్తే వంతెన కట్టినవాడి పనితనం ఇంకా బాగా తెలుస్తుంది కూడా.

సొరంగాల దగ్గర నీ ఉత్సాహం నాకు తెలుసు. ముఖద్వారం దగ్గర ఎంతసేపైనా ఉండు. ఏ సంవత్సరం కట్టారో పై రాతిలో చెక్కి ఉండవచ్చు. కప్పుకు ఆవిరి ఇంజన్ల మసి పట్టి ఉంటుంది. రైలు వస్తే పనివాళ్లు ఒదిగి నిలబడటానికి గోడలో గూళ్లు ఉంటాయి. నడకదారిగా తెరిచి, బాగు చేసి ఉంచిన సొరంగమైతే లోపలికి వెళ్లు. లేదంటే పగటి వెలుగు పడేంతవరకే. లోపల గాలి కదలకపోతే ప్రాణవాయువు తక్కువై ఉండవచ్చు, ముక్కుకు ఏ వాసనా తెలియదు. ఇక్కడా నీళ్లే దొంగ. అమెరికాలో కాస్కేడ్ కొండల పాత సొరంగం లోపల కప్పు కూలి నీళ్లు అడ్డుకట్ట వేసినట్టు నిలిచాయి. అవి ఒక్కసారిగా తెగితే ముఖద్వారం దగ్గర ఉన్నవాళ్లకూ ముప్పే కాబట్టి అటువైపు పోవద్దని హెచ్చరిస్తారు. ఆ మార్గంలోనే 1910 మార్చి 1న మంచు విరిగిపడి, నిలిచి ఉన్న రెండు రైళ్లను లోయలోకి తోసేసింది. 96 మంది పోయారు. తర్వాత మంచు మీదుగా జారిపోయేలా కాంక్రీటు కప్పులు కట్టారు. 1929లో కొత్త సొరంగం వచ్చి మార్గం మూతపడినా ఆ కప్పుల గోడలు ఇప్పటికీ అడవిలో నిలిచి ఉన్నాయి.

చలి ఎక్కువున్న చోట చలికాలంలో సొరంగాల్లో గబ్బిలాలు నిద్రపోతూ ఉండవచ్చు. లేపితే వాటి ఒంట్లో దాచుకున్న కొవ్వు ఖర్చయి వసంతం దాకా బతకలేకపోవచ్చు. వాటి రెట్టలు ఎండిన ధూళి పీల్చడం మనకూ మంచిది కాదు. లోపలికి వెళ్లకపోవడానికి ఇదింకో కారణం అనుకో.

పట్టాలు ఉండవన్నాను, ముక్కలు దొరకవచ్చు. కంచె స్తంభంగానో, పాకకు దూలంగానో పాత పట్టాను వాడుకునే అలవాటు ఉంది. దొరికితే దాని నడుము చూడు. తుప్పు మీద సుద్దముక్క అడ్డంగా రుద్దితే ఉబ్బెత్తు అక్షరాలు తేలతాయి: చేసిన కంపెనీ పేరు, సంవత్సరం, పక్కన నిలువు గీతలు. ఆ గీతలు చాలాసార్లు నెల లెక్క. అయిదు గీతలుంటే అయిదో నెలలో తయారైనట్టు. ఆ సంవత్సరంలోనే మార్గం వేశారని తొందరపడి రాసుకోకు. పెద్ద లైన్లలో అరిగిన పట్టాలను తెచ్చి చిన్న లైన్లలో వేయడం మామూలే. ఫోటో తీసుకో, పక్కన స్కేలు పెట్టు, ఎక్కడ ఏ దిక్కుకు తిరిగి తీశావో రాసుకో. మేకు ఒక్కటి కూడా జేబులో వేసుకోకు. ఉన్నచోట ఉన్నంతవరకే దానికి అర్థం.

పట్టాలు నిజంగానే నేల మీద వేసినట్టే ఉంటే తలభాగం చూడు. మధ్యలో సన్నగా మెరుస్తుంటే ఏదో చక్రం తిరుగుతూనే ఉందన్నమాట, దిగిపో. రైళ్లు రానంత మాత్రాన నేల ఎవరిదీ కాకుండా పోదు. రైల్వేదో, అటవీశాఖదో, ఎవరో రైతుదో అయి ఉంటుంది. ముందే అడిగి వెళ్లు. అడగడంలో ఇంకో లాభముంది. అక్కడి పెద్దవాళ్లను ‘లైను ఎక్కడుంది’ అంటే చెయ్యి ఊపుతారు. ‘బండి నీళ్లు పట్టుకోవడానికి ఎక్కడ ఆగేది’ అని అడుగు, నిన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్తారు. అక్కడ నేలలో బొగ్గు కాలి గడ్డకట్టిన నల్లటి చిట్టెం కనిపిస్తుంది. ట్యాంకు పోయినా దాని రాతి దిమ్మె ఉంటుంది.

వానలు వెనకబడి, పొదలు ఎండి పల్చబడ్డాక వెళ్లండి. కింది నుంచి ఎక్కండి, అలసిపోయాక దిగుడు మిగులుతుంది. ఎంత దూరం వచ్చినా సరే, మధ్యాహ్నం ఒంటిగంటకు వెనక్కి తిరగాలని ముగ్గురూ ముందే ఒప్పుకోండి.

నీ మ్యాపును ఈ ఉత్తరంతోనే తిరిగి పంపుతున్నాను. జాలు, వాగు మార్గాన్ని దాటే చోటల్లా పెన్సిలుతో సున్నా చుట్టాను. నా లెక్కకు పంతొమ్మిది వచ్చాయి. నీకు నేల మీద ఎన్ని దొరికాయో, వాటిలో ఎన్నింట్లో నీళ్లు పారుతున్నాయో రాసి పంపు.

ఇట్లు,
పెదనాన్న