క్రిస్మస్‌కి బుర్రకథ చెయ్యండి బాబూ

ప్రియమైన బాబూ,

ప్రభువు నామంలో నీకు దీవెనలు. ఈ క్రిస్మస్‌కి సువార్త మన పేట దాటి ఊరందరికీ చేరేలా యూత్ అంతా ఏదో ఒకటి చెయ్యాలనుకుంటున్నారని విని చాలా సంతోషం వేసింది. ఫోన్‌లో అన్నీ చెప్పలేక రాస్తున్నాను.

పెద్ద సౌండ్ బాక్సులు, ఎల్‌ఈడీ స్క్రీన్ అన్నావు. వాటికి డబ్బు పెట్టకండి. మైకు మోత పెరిగేకొద్దీ పక్క వీధివాళ్లు తలుపులు వేసుకుంటారు. బుర్రకథ చెయ్యండి.

బైబిల్లో ప్రభువు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథ తీసుకోండి. తండ్రి బతికుండగానే చిన్నోడు వాటా అడగడం, అంతా తగలేసి తిరిగి రావడం, ఇంటి దగ్గర చాకిరీ చేసిన పెద్దోడు అలగడం... ఆస్తి పంపకాలు చూసిన ఏ ఇంటివాళ్లకైనా ఇది తెలిసిన గొడవే. కథకుడికి తంబుర, అందెలు, పక్కన నిలబడి వంత పాడే ఇద్దరు వంతలకి గుమ్మెటలు (చిన్న డోళ్లు) చాలు. హాస్యం చెప్పే వంత మాటలు మాత్రం జాగ్రత్తగా రాయండి. ఊళ్లోవాళ్లు నిజంగా అడిగే ప్రశ్నలే అతని నోట పెట్టండి: "అంతా పాడుచేసి వచ్చినోడికి విందేంటండీ? పొలంలో ఒళ్లు వంచినోడికి మేకపిల్ల కూడా లేదా?"

దానికి జవాబు చెప్పే తొందర వద్దు. లూకా 15వ అధ్యాయంలో ప్రభువు ఎక్కడ ఆపారో అక్కడే ఆపండి. పెద్దకొడుకు బయటే ఉన్నాడు, తండ్రి బతిమాలుతున్నాడు. లోపలికి వెళ్లాడో లేదో ఆయన చెప్పలేదు. ఆ ప్రశ్నతోనే జనాన్ని ఇళ్లకి పోనివ్వండి. చివర్లో ప్రసంగం వద్దని పాస్టర్‌గారిని ముందే మర్యాదగా ఒప్పించు.

ఇది లోకం పోకడ అని సంఘంలో ఎవరైనా అంటే, పురుషోత్తమ చౌదరిగారిని గుర్తుచెయ్యి. 19వ శతాబ్దంలోనే ఆయన మన రాగాల్లో, మన తాళాల్లో కీర్తనలు కట్టారు. ఆదివారం మనం పాడుకునేవి అవేగా! బిషప్ అజరయ్యగారి కాలంలో కట్టి 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథెడ్రల్‌లో కూడా హిందూ, ముస్లిం కట్టడాల పోలికలు కనిపిస్తాయి.

ఇక పేదవాళ్లకి మీరు పంచాలనుకుంటున్న దుప్పట్ల గురించి. పంచండి, కానీ ఆ రోజు కరపత్రాలు వద్దు, ఫొటోలు అసలే వద్దు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. కూటి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, కరువు సాయం సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశారు. ఆ సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంత ఓపిక మనకీ ఉండాలి బాబూ.

క్యారల్స్‌కి వేరే మతంవాళ్ల ఇంటికి వెళ్తే పాట పాడి, "ప్రార్థన చెయ్యమంటారా?" అని అడగండి. వద్దంటే నవ్వుతూ శుభాకాంక్షలు చెప్పి వచ్చెయ్యండి. వాళ్ల దేవుళ్ల గురించి ఒక్క తక్కువ మాట కూడా మీ నోట రాకూడదు. అలాంటి మాట విన్న మనిషి మళ్లీ మన మాట వినడు, వినాలని అడిగే హక్కు కూడా మనకుండదు.

మీ చుట్టుపక్కల బుర్రకథ చెప్పిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ మతం వాళ్లయినా సరే, వెళ్లి నేర్పమని అడగండి. వాళ్లకి ఇవ్వాల్సింది ముందే చేతిలో పెట్టండి. ఆడపిల్లల్ని కూడా వంతలుగా తీసుకోండి. స్క్రిప్టు రాయగానే నాకు పంపు, పాటలకి వరసలు నేను చూస్తాను.

దీవెనలతో,
మీ పెద్దమ్మ