పీసు లెక్కన కుడితే కాంట్రాక్టరేనా?
విజయవాడ వన్‌టౌన్‌లో ఓ షాపులో పీసు లెక్కన కుడుతున్నానని, ‘నువ్వు కాంట్రాక్టరువి’ అని యజమాని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారని, పీఎఫ్ వస్తుందా అని అడిగారు.

ఆ కాగితం ఒక్కటే తేల్చదండి. పని ఎలా చేయాలో ఎవరు చెబుతున్నారు, మిషను ఎవరిది, మీ బదులు ఇంకొకరిని పంపగలరా అన్నవీ చూస్తారు. 1973లో సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది అచ్చం మీలాంటి వాళ్లే, అదీ అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచే. కూలి పీసు లెక్కనే. అయినా మిషన్లు షాపువి, కుట్టు బాగోకపోతే విప్పి మళ్లీ కుట్టమనే హక్కు యజమానిది కాబట్టి వాళ్లు ఉద్యోగులేనని కోర్టు తేల్చింది. సొంత మిషను మీద ఇంట్లో నాలుగు షాపులకి కుడితే లెక్క మారొచ్చు.

పీఎఫ్‌కి మాత్రం మామూలుగా 20 మంది పనివాళ్లు ఉండాలి. కూలి రాసిన పుస్తకం, కొలతల చీటీలు పారేయకండి.