ఫోన్ నుంచి కంప్యూటర్‌కి: కాపీ చేయండి, కట్ చేయకండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఫైళ్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపడంలో ఇబ్బందుల గురించినవే ఎక్కువ. అందరికీ పనికొచ్చే కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్ర: ఫోన్లో పిల్లల ఫొటోలు, వీడియోలు 60 జీబీ దాకా ఉన్నాయి. కేబుల్ పెట్టి ల్యాప్‌టాప్‌లోకి కట్ చేసి పేస్ట్ చేస్తుంటే సగంలో ఆగిపోతోంది. ఒక్కోసారి ఫోల్డరే తెరుచుకోదు, పైన పచ్చగీత పాకుతూనే ఉంటుంది. ఏం చేయాలి?
– గృహిణి, తెనాలి

జ: అన్నిటికంటే ముందు కట్ చేయడం మానండి. కట్ చేస్తే ఫైలు అవతల చేరగానే ఇవతల చెరిగిపోతుంది. మధ్యలో కేబుల్ కదిలిందంటే ఏది చేరిందో, ఏది దారిలో పోయిందో తేల్చుకోలేరు. పిల్లల చిన్ననాటి ఫొటోలు మళ్లీ తీయలేం కదా. కాపీ చేయండి, సరిచూసుకోండి, ఆ తర్వాతే ఫోన్లో తుడవండి.

ఇక ఆగిపోవడానికి కారణం. పెన్‌డ్రైవ్‌ని చదివినట్టు ఆండ్రాయిడ్ ఫోన్‌ని కంప్యూటర్ నేరుగా చదవలేదు. ఎంటీపీ అనే పద్ధతిలో ఒక్కో ఫైలునీ ఫోన్‌ని అడిగి తెచ్చుకుంటుంది, అదీ ఒకసారికి ఒక్క పనే. కెమెరా ఫోల్డర్ తెరవగానే అందులోని వేల ఫొటోల బుల్లి బొమ్మలన్నీ ఇమ్మని అడగడం మొదలుపెడుతుంది. మీరు చూస్తున్న పచ్చగీత అదే. ఈలోగా మీరు కాపీ కూడా చెబితే రెండు పనులూ ఒకదానికొకటి అడ్డం పడతాయి.

ఇలా చేయండి. ఫోన్ లాక్ తీసి కేబుల్ పెట్టండి. పైనుంచి నోటిఫికేషన్లు కిందికి లాగితే ‘చార్జింగ్’ అని ఉంటుంది, దాన్ని నొక్కి ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకోండి. ఆ మాటే కనిపించకపోతే కేబుల్‌ని అనుమానించండి. చార్జింగ్‌కి మాత్రమే అమ్మే చౌక కేబుళ్లలో డేటా తీగలు ఉండవు. కంప్యూటర్‌లో ఫోన్ పేరు, ఇంటర్నల్ స్టోరేజ్, డీసీఐఎమ్ వరకు వెళ్లి, కెమెరా ఫోల్డర్‌ని తెరవకుండా బయటినుంచే రైట్‌క్లిక్ చేసి కాపీ చేయండి. అప్పటికీ ఆగితే ఫోల్డర్ తెరిచి, వ్యూలో ‘డీటెయిల్స్’ పెట్టి, తేదీల వరసలో 500 చొప్పున కాపీ చేసుకోండి. వీడియోలను విడిగా, చివర్లో. యూఎస్‌బీ 2.0 కేబుల్ మీద సెకనుకు 30 ఎంబీ వచ్చినా 60 జీబీకి అరగంట పైనే. చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే అంతకు మించి పడుతుంది. కంప్యూటర్ నిద్రలోకి జారకుండా సెట్టింగ్ మార్చి, అంతసేపూ ఫోన్‌ని ముట్టుకోకండి.

అయ్యాక రెండు చోట్లా ఫోల్డర్ తెరిచి చూడండి. కింద ఎడమ మూలన ఎన్ని ఐటమ్స్ ఉన్నాయో అంకె కనిపిస్తుంది. రెండూ సమానంగా ఉండాలి. మొదట్లోవి, మధ్యలోవి, చివర్లోవి నాలుగైదు వీడియోలు ఆఖరిదాకా జరిపి చూడండి. ఇవే ఫొటోలు ఇంకో హార్డ్‌డిస్క్‌లో కూడా పెట్టేవరకు ఫోన్లోవి తుడవకపోవడమే మంచిది.

ఐఫోన్ వాడేవారికీ ఓ మాట. విండోస్‌లోకి కాపీ చేస్తుంటే మధ్యలో పరికరం పనిచేయడం లేదన్న ఎర్రర్ వస్తే, ఫోన్ సెట్టింగ్స్‌లో ఫొటోస్ పేజీ అడుగున ‘ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ’ దగ్గర ‘కీప్ ఒరిజినల్స్’ పెట్టండి. ‘ఆటోమేటిక్’లో ఉంటే ఫోన్ ఒక్కో ఫొటోనీ వేరే రకంలోకి మారుస్తూ పంపుతుంది, తడబడేది అక్కడే.

ప్ర: పెళ్లి వీడియో 6 జీబీ వచ్చింది. 32 జీబీ పెన్‌డ్రైవ్ మొత్తం ఖాళీగా ఉన్నా ‘ఫైల్ టూ లార్జ్’ అంటోంది. పెన్‌డ్రైవ్ పాడైందా?
– వీడియోగ్రాఫర్, కర్నూలు

జ: పాడవలేదు. అది ఫైళ్లను అమర్చుకునే ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాటై ఉంది. ఆ పద్ధతిలో ఫైలు సైజు రాసుకోవడానికి కేటాయించింది 32 బిట్ల చోటు. అందులో పట్టే పెద్ద అంకె 4,294,967,295. అంటే ఒక్కో ఫైలు 4 జీబీకి ఒక్క బైటు తక్కువ వరకే. ఖాళీ ఎంత ఉన్నా అంతకు మించిన ఫైలు ఎక్కదు. కొన్ని కెమెరాలు కార్డులో పెద్ద క్లిప్పును ముక్కలుగా రాసేదీ ఇందుకే.

పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి వేరేచోట దాచి, రైట్‌క్లిక్ చేసి ఫార్మాట్ నొక్కి, ఫైల్ సిస్టమ్ దగ్గర ఈ 4 జీబీ హద్దు లేని ‘ఎక్స్‌ఫ్యాట్’ ఎంచుకోండి. కానీ మీరిచ్చే పెన్‌డ్రైవ్‌ని పెళ్లివారు టీవీకి పెట్టుకుంటారు. పాత టీవీలు చాలావరకు ఎక్స్‌ఫ్యాట్‌ని గుర్తించవు. వాళ్ల టీవీ ఏదో ముందే అడగండి. పాతదైతే ఫ్యాట్32 అలాగే ఉంచి, స్నాతకం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు అంటూ ఘట్టాల వారీగా 4 జీబీ లోపు ఫైళ్లుగా ఎక్స్‌పోర్ట్ చేసివ్వండి. చూసేవాళ్లకూ అదే సుఖం.

కాపీ పూర్తయిందని చూపించాక కూడా ‘ఇజెక్ట్’ నొక్కి, తీయవచ్చు అన్నాకే తీయండి. ఇచ్చే ముందు ఆ పెన్‌డ్రైవ్ నుంచే వీడియో చివరి నిమిషం ఆడించి చూడండి. నమ్మశక్యం కానంత తక్కువ ధరకు 1 టీబీ అంటూ అమ్మేవి కొనకండి. వాటిలో చాలావాటికి లోపల ఉండేది కొద్దిపాటి చోటే. కాపీ అయినట్టే కనిపిస్తుంది, ఫైలు మాత్రం తెరుచుకోదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్ నిండా రాసి, తిరిగి చదివి అసలు చోటెంతో చెబుతుంది.

ప్ర: జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి తెచ్చాక నా పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయాయి. ప్రాజెక్టు రిపోర్టు పోయినట్టేనా?
– బీటెక్ విద్యార్థి, వరంగల్

జ: చాలావరకు పోయి ఉండదు. ఈ వైరస్ అసలు ఫోల్డర్లను దాచేసి, అదే పేరుతో షార్ట్‌కట్‌లు పెడుతుంది. వాటిని డబుల్‌క్లిక్ చేస్తే వైరస్ మీ ల్యాప్‌టాప్‌లోకీ ఎక్కుతుంది, కనుక తాకకండి. ముందు విండోస్ సెక్యూరిటీతో పెన్‌డ్రైవ్‌ని స్కాన్ చేయండి. తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్‌కి వెళ్లి, దాచిన ఫైళ్లు చూపించమని టిక్ పెట్టి, ‘హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్’ దగ్గర టిక్ తీసేయండి. మీ ఫైళ్లు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి, కొన్నిసార్లు పేరు లేని ఓ ఫోల్డర్ లోపల ఉంటాయి. మీ రిపోర్టు మటుకు బయటికి తీసుకుని పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేయండి. ఇకపై షాపుకి ప్రింట్ తీయాల్సిన పీడీఎఫ్ తప్ప ఇంకేమీ లేని పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి.

ప్ర: 2020 జూన్‌లో నిషేధించిన 59 యాప్‌లలో షేర్‌ఇట్, జెండర్ రెండూ ఉన్నాయి. వాటి బదులు లోకల్‌సెండ్ వేసుకున్నాం. ఫోన్‌కి ల్యాప్‌టాప్ కనబడటం లేదు.
– ఉపాధ్యాయుడు, ఖమ్మం

జ: మంచి ఎంపిక. ఉచితం, ప్రకటనలు లేవు, విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నిటికీ ఉంది. ఫైలు మీ వైఫై దాటి బయటికి పోదు కాబట్టి నెట్ డేటా ఖర్చు కాదు. అయితే రెండు పరికరాలూ ఒకే వైఫైలో ఉండాలి.

ఎక్కువసార్లు తప్పు విండోస్ దగ్గరే ఉంటుంది. వైఫై ప్రాపర్టీస్‌లో నెట్‌వర్క్ ‘పబ్లిక్’ అని ఉంటే ల్యాప్‌టాప్ తనని తాను దాచుకుంటుంది. ఇంటి వైఫై అయితే ‘ప్రైవేట్’ చేయండి. విండోస్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్ అనుమతి అడిగినప్పుడు కాదని నొక్కి ఉంటే, ఫైర్‌వాల్ అనుమతించే యాప్‌ల జాబితాలోకి వెళ్లి లోకల్‌సెండ్‌కి టిక్ పెట్టండి. వీపీఎన్ ఉంటే ఆపండి. ఐఫోన్‌లో లోకల్ నెట్‌వర్క్ అనుమతి ఇవ్వాలి. స్కూలు వైఫైలో ఇవన్నీ చేసినా కనబడకపోతే అక్కడి రూటరే పరికరాలను ఒకదానికొకటి కనిపించకుండా విడదీసి ఉంచుతోందని అర్థం. అప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి ల్యాప్‌టాప్‌ని దానికి కలపండి. మొబైల్ డేటా ఆపేసినా పని జరుగుతుంది. పంపుతున్నంతసేపూ యాప్ తెరమీదే ఉండాలి.

ప్ర: వాట్సాప్‌లో ఫొటో పంపితే ప్రింట్‌లో మసకగా వస్తోంది.
– ఫ్లెక్సీ షాపు, అనకాపల్లి

జ: ఫొటోగా పంపితే వాట్సాప్ కుదించేస్తుంది, హెచ్‌డీ అని పెట్టినా కొంత తగ్గుతుంది. అటాచ్ గుర్తు నొక్కి ‘డాక్యుమెంట్’గా పంపమనండి. 2 జీబీ వరకు ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

ప్ర: పేజ్‌మేకర్‌లో చేసిన శుభలేఖ ఇంకో ఊరి ప్రెస్సుకి పంపితే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వచ్చాయట. ఫైలు దారిలో చెడిపోయిందా?
– డీటీపీ ఆపరేటర్, నల్గొండ

జ: ఫైలు క్షేమంగానే చేరింది. పేజ్‌మేకర్‌లో తెలుగుకి వాడే ‘అను’ ఫాంట్లు యూనికోడ్‌వి (తెలుగు అక్షరాలకు విడిగా స్థానాలు ఇచ్చే పద్ధతివి) కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు రూపాలు పెట్టుకుంటాయి. అవతల ఆ ఫాంటు లేకపోతే కింద ఉన్న ఇంగ్లిష్ అక్షరాలే బయటపడతాయి. అచ్చుకే అయితే ఫాంట్లు లోపల ఇమిడేలా పీడీఎఫ్ చేసి పంపండి. అవతలివాళ్లు దిద్దాల్సి ఉంటే పేజ్‌మేకర్ ఫైలే పంపాలి. ‘సేవ్ యాజ్’ పెట్టెలో ‘ఆల్ లింక్డ్ ఫైల్స్’ ఎంచుకుంటే వినాయకుడి బొమ్మ, బోర్డరు వగైరా కూడా అదే ఫోల్డర్‌లోకి వస్తాయి. ఫాంట్లు మాత్రం రావు. ఏ ఫాంటు వాడారో పేరు రాసిపెట్టండి, అవతల అదే వెర్షన్ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. ఫోల్డర్‌ని జిప్ చేసి పంపండి. 25 ఎంబీ దాటితే జీమెయిల్‌లో అటాచ్‌మెంట్‌గా వెళ్లదు, డ్రైవ్ లింకుగా మారుతుంది. ఆ లింకు తెరిచే అనుమతి ప్రెస్సువాళ్లకి ఇవ్వడం మరవకండి.